మెట్లు అయిపోయాక మొదలయ్యే కొండ

శేషాచలం నీడలోనే పెరిగాం. అయినా అడవి దారిన కొండెక్కడం మనకు ఎవరూ నేర్పలేదు. తోడు, హద్దు, పాఠం మూడూ ఉన్న దారులు తెరిస్తే తొలిసారి ఎక్కేవారికీ మేలే, అడవికీ మేలే.

తిరుపతిలోనో చిత్తూరు పల్లెల్లోనో ‘కొండెక్కావా?’ అని అడిగితే ఏ కొండ అని ఎవరూ ఎదురడగరు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. చంకన బిడ్డతో తల్లులు, మోకాళ్లు పట్టుకుని ముసలివాళ్లు, పరీక్ష పాసైన పిల్లలు, పెళ్లి కుదిరిన జంటలు గోవింద నామంతో ఎక్కేస్తారు. కొండెక్కడం ఇంత మామూలు పని అయిన ఊళ్లు దేశంలో ఎన్నో ఉండవు. ఆ అలవాటులోంచే ఒక ధీమా పుట్టింది. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లకు తలకోన అడవి ఒక లెక్కా, ఉబ్బలమడుగు జలపాతం ఒక లెక్కా అన్న ధీమా అది. కాళ్లకు చెప్పులు, చేతిలో ఒక నీళ్ల సీసా, జేబులో సెల్‌ఫోను పెట్టుకుని కుర్రాళ్లు అడవి దారి పట్టేది ఆ ధీమాతోనే. కానీ మెట్ల దారి మన దగ్గర శ్రమను మాత్రమే అడుగుతుంది. అడవి దారి నిర్ణయాన్ని అడుగుతుంది. ఈ తేడా నేర్పే ఏర్పాటు లేకుండా కొండను పూర్తిగా మూసిపెట్టినా, గాలికి వదిలేసినా ఫలితం ఒక్కటే: తొలిసారి ఎక్కేవారు దెబ్బ తింటారు, వారితో పాటు అడవీ దెబ్బ తింటుంది.

మెట్లు ఏం నేర్పుతాయో ముందు చూద్దాం. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు, అలిపిరి దారి పొడవు సుమారు 9 కిలోమీటర్లు. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ కొండ నడకకు ఒక లెక్క కట్టాడు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. ఆ లెక్కన అలిపిరి దారికి మూడు గంటలు పడుతుంది. ఆగకుండా ఎక్కే ఆరోగ్యవంతులకు ఇంచుమించు అంతే పడుతుంది కూడా. గాలిగోపురం దాకా ఊపిరి అందదు, మోకాళ్ల పర్వతం దగ్గర తొడలు వణుకుతాయి. అయినా ఎవరూ దారి తప్పరు. తలపైన కప్పు, అడుగడుగునా నీళ్లు, మధ్యలో అంగళ్లు, చికిత్సకు మనుషులు, చీకటి పడితే దీపాలు ఉంటాయి. ఎక్కడ అడుగు వేయాలో రాయి చెక్కినవాడు ఎప్పుడో నిర్ణయించేశాడు. ఎప్పుడు వెనుదిరగాలన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే పైన బస్సు ఉంది. గుండె, కాళ్లు ఎంత ఓర్చుకోగలవో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. కొండను చదవడానికి మాత్రం ఈ దారి చాలదు.

పేర్లలోనే ఉన్న హెచ్చరిక

శేషాచలం ఏడాది పొడుగునా వాన కురిసే అడవి కాదు. ఇక్కడ ఎక్కువ భాగం ఎండాకాలం ఆకు రాల్చే పొడి అడవి. కానీ కొండ చీలి నీళ్లు జారే చోట్ల, ఎండ నేరుగా దిగని లోయల్లో, పచ్చదనం ఏడాదంతా నిలుస్తుంది. ఆ చోటికి మనవాళ్లు పెట్టుకున్న పేరు కోన. 270 అడుగుల జలపాతం ఉన్న తలకోనలో చెట్లను చుట్టుకుని పాకే గిల్లతీగను చూస్తే పొడినేల మధ్య ఇంత తడి అడవి ఎలా బతికిందా అనిపిస్తుంది. తొలిసారి అడవిబాట పట్టేవారిని ఎక్కువగా పిలిచేదీ, ఎక్కువగా మోసం చేసేదీ ఈ కోనలే. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నీడలో నడుస్తున్నాం కదా అని నీళ్లు తాగడం మరిచినవాళ్లు అక్కడే కూలబడతారు. పాచి పట్టిన బండ మీద చెప్పు నిలవదు. పైన ఎక్కడో కురిసిన వానకు కింద వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని 2022 మేలో గానీ మళ్లీ తెరవలేకపోయారు. రాతితో కట్టిన దారికే ఆ గతి పడితే కాలిబాట సంగతి చెప్పాలా?

ఇక్కడి పేర్లు వింటేనే సగం పాఠం తెలుస్తుంది. కోన అంటే లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే లోయ, వాన వస్తే తప్పుకోవడానికి పక్కదారి ఉండదు. గుండం అంటే రాతిలో నీరు తొలిచిన గుంట, అంచు జారుడు. మడుగు అంటే పైకి కదలిక లేకున్నా లోతున్న నీరు. ఈత రాకుండా మడుగులో దిగడం, దిగువన రాయి ఉందో లేదో చూడకుండా గుండంలోకి దూకడం పేరు చెప్పిన మాటను పెడచెవిన పెట్టడమే. ఇక దిగడం ఎక్కడం కంటే తేలికన్న నమ్మకం ఇంకొకటి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. దానికి ఎక్కువ దెబ్బ తగిలేది అప్పుడే, మర్నాడు కూర్చుని లేవలేనంత నొప్పి పుట్టేదీ అందుకే. అలసిన కాళ్లు, వాలుతున్న పొద్దు, ఇంటికి చేరాలన్న తొందర మూడూ కలిసేదీ దిగుదారిలోనే.

మనకున్న బడి ముక్కోటి

ఈ చదువు మనకు కొత్తేమీ కాదు. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం: ఈ ముక్కోటి రోజుల్లో తిరుమల నుంచి వేలమంది పాపవినాశనం దాటి అడవిలోకి నడుస్తారు. ఆ తిథుల వరుసను జాగ్రత్తగా గమనించండి. మూడూ ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, కోనల్లో నీళ్లు ఇంకా ఉండగానే, ఎండలు ముదరకముందే వస్తాయి. మూడూ వెన్నెల ఉన్న రోజులు. భక్తితో పాటు కొండ తీరు ఎరిగిన తెలివిడి కూడా ఆ పంచాంగంలో ఉందని అనుకోవడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. దేవస్థానం ఆ రోజుల్లో దారిలో అన్నపానీయాలు, వైద్యం, భద్రత ఏర్పాటు చేస్తుంది. గుండెజబ్బు, ఉబ్బసం, అధిక బరువు ఉన్నవాళ్లు రావద్దని ముందే చెబుతుంది. కాలం, తోడు, హద్దు అన్నీ అందులో ఉన్నాయి. లోటు ఒక్కటే. ఒక్కో తీర్థం తలుపు ఏడాదికి ఒకటి రెండు రోజులే తెరుచుకోవడం వల్ల జనం ఒక్కసారిగా పోటెత్తుతారు. ముందువాడి మడమ చూస్తూ నడిచేవాడికి కొండ కనిపించదు. బడి ఉంది గానీ అందులో పాఠం చెప్పే తీరిక లేదు.

ఆ తీరిక ఎలా దొరుకుతుందో పొరుగు రాష్ట్రాలు చూపించాయి. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా నడకకు వెళ్లినవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత కొండలన్నిటికీ తాళం వేసి ఊరుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 2024 అక్టోబరులో ఆ రాష్ట్రం 40 అడవి దారులను తెరిచింది. వాటిని తేలిక, మధ్యరకం, కష్టం అని విడదీసింది. స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి తోడు పంపింది. ఆ దారుల్లో మన సరిహద్దుకు దగ్గరలోని గుడియం గుహల దారి కూడా ఉంది. కర్ణాటకలో కుక్కె సుబ్రహ్మణ్య పైనున్న కుమార పర్వతం నిజమైన తడి అడవి కొండ, ఎత్తు 1,712 మీటర్లు. 2024 జనవరిలో ఒకే వారాంతంలో ఆ కొండ మీద జనం కిక్కిరిసిపోయాక అక్కడి అటవీశాఖ ముందస్తు బుకింగ్ తప్పనిసరి చేసి, రోజుకు ఇంతమందే అని గీత గీసింది. నైస్మిత్ లెక్కలో ఆ కొండకు ఎత్తు ఒక్కటే రెండున్నర గంటలు కలుపుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవాళ్లు అలిపిరి అనుభవం ఒక్కటే నమ్ముకుని అక్కడికి పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అభ్యంతరాలు చిన్నవేమీ కావు

మొదటి అభ్యంతరం చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే ఆరేళ్ల పాప చిరుత దాడికి బలైంది. ఆ ఇంటి దుఃఖం ముందు ఏ వాదమైనా తలవంచాల్సిందే. అయితే ఆ తర్వాత చేసినది ఏమిటి? దారిని శాశ్వతంగా మూయలేదు. మధ్యాహ్నం 2 గంటల తర్వాత పిల్లలను పంపలేదు, పెద్దలను గుంపులుగా నడిపించారు, చేతికర్రలు ఇచ్చారు. అంటే వేళ, గుంపు, హద్దు అన్న మూడు నియమాలతోనే ప్రమాదాన్ని తగ్గించవచ్చని అధికారులే ఒప్పుకున్నారు. అడవి దారిలో ఆ నియమాలు మరింత గట్టిగా ఉండాలి. పగటివేళ పదిమంది ఒక తోడుతో కలిసి నడిచి, పొద్దు వాలకముందే తిరిగిరావాలి. చిన్నపిల్లలకు ఆ దారులు వద్దు. చిరుత సంచరిస్తోందని జాడ చెప్పిన వారం ఆ దారి మూసేయాలి.

రెండో అభ్యంతరం ఎర్రచందనం, దానితో పాటు కార్చిచ్చు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు కోసం ఈ అడవిలో నెత్తురు పారింది. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఇలాంటిచోటికి కొత్తవాళ్లను ఎందుకు రానివ్వాలని అటవీశాఖ అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ అనుమతి లేకుండా కొత్తవాళ్లు ఇప్పటికే వస్తున్నారు. పేరు నమోదు లేని మనిషి కంటే పేరు, వేళ, దారి, తోడు తెలిసిన మనిషి వల్లే కాపలా సులువవుతుంది. ఇక కార్చిచ్చు సంగతి. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. అందుకే ఆకు ఎండే నెలల్లో ఈ దారులు మూసేయాల్సిందే. 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం లోపలి భాగాలు ఎప్పటికీ మనుషులకు మూసే ఉంచాలి. తొలిసారి నడిచేవారికి అడవి అంచు చాలు.

మూడో మాట భక్తులది: దేవుడి కొండ విహారస్థలమా? కాదు, కాకూడదు. కానీ సీసాలు పారేసి, కేకలు పెట్టి, మత్తులో మడుగులో దిగే గుంపులే కొండను విహారస్థలంగా మార్చాయి. చెట్టు పేరు, చెలమ జాడ చెప్పే మనిషి వెంట పదిమంది నెమ్మదిగా నడిస్తే అది తీర్థయాత్రకు దగ్గరగానే ఉంటుంది. ఆ చెప్పే మనిషి కూడా ఇక్కడే ఉన్నాడు. కొండ కింద తరాలుగా బతుకుతున్న యానాదులకు ఇక్కడి వేరు, ఆకు, పాము, వాగు తెలుసు. తలకోనలో పర్యాటకం పనులు నెరబైలు వన సంరక్షణ సమితి చేతుల మీదుగా నడిచాయి కనుక ఊరివాళ్లకు ఈ బాధ్యత అప్పగించవచ్చని రుజువైంది. తోడు వచ్చినవారికి కూలి దక్కాలి. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలకు మాత్రం రుసుము ఉండకూడదు. కొండ కింద పుట్టినవాళ్లకు కొండ చదువు కొనుక్కోవాల్సిన సరుకు కాకూడదు.

తొలి నడక చిన్నదిగా ఉండాలి: నాలుగైదు కిలోమీటర్లు, పుష్య మాఘ మాసాల్లో, పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగివచ్చేలా. పట్టు ఉన్న బూట్లు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ, ఇంట్లో ఎవరికైనా చెప్పిన తిరిగివచ్చే వేళ ఉండాలి. అన్నిటికంటే ముందు, శిఖరమో జలపాతమో కంటికి కనిపిస్తున్నా వేళ మించితే వెనుదిరగడం నేర్చుకోవాలి. మెట్ల దారిలో వెనుదిరిగితే మొక్కు తీరలేదని బాధపడతాం. అడవి దారిలో వెనుదిరిగినవాళ్లు మళ్లీ రావడానికి మిగులుతారు. ఆ ఒక్క పాఠం అందరికంటే ముందు శేషాచలం కింది పిల్లలకు అందాలి. అందాలంటే పాఠం చెప్పే మనిషిని నిలబెట్టి, ఆ దారి తలుపు కాస్త తెరవాలి.