అమెరికన్ పాఠ్యప్రణాళిక: పట్టా విలువ ఎక్కడిది?
న్యూఢిల్లీలోని అమెరికన్ ఎంబసీ స్కూల్ 1952లో ప్రారంభమైంది. తరచూ బదిలీ అయ్యే దౌత్యోద్యోగుల పిల్లల చదువు తెగిపోకూడదన్నదే ఇటువంటి బడుల మూలోద్దేశం. శిశుతరగతి నుండి పన్నెండు వరకు బోధన ఒకే ప్రాంగణంలో సాగుతుంది. మన పదవ తరగతి వలె ఒక్క పబ్లిక్ పరీక్ష భవితను తేల్చదు. తొమ్మిది మొదలు నాలుగేళ్లపాటు ఒక్కొక్క పాఠ్యాంశంలో ఆర్జించిన క్రెడిట్లే పట్టాకు ఆధారం. నడుమ బడి మారినా వాటిని కొత్తచోట లెక్కలోకి తీసుకునే వీలుంది. ఇది నిస్సందేహంగా సుగుణమే.

అయితే అమెరికాలో జాతీయ పరీక్షా బోర్డు లేదు. కనుక పట్టా విలువ పాఠశాలకు గుర్తింపునిచ్చిన అక్రెడిటేషన్ సంస్థపై ఆధారపడుతుంది. పేరులోని ‘ఇంటర్నేషనల్’ ఏ హామీ ఇవ్వదు. అమెరికా నుండి తిరిగివచ్చే తెలుగు కుటుంబాలు భవనాల కన్నా ముందు విచారించవలసినది దీనినే. పిల్లలు ఇక్కడి విశ్వవిద్యాలయాలలో చేరదలిస్తే, ఆ పట్టాకు తుల్యత లభిస్తుందో లేదో కూడా ముందే తెలుసుకోవాలి.