మన పాత డీసెలు కారు: దాని తిండి, దాని యారోగ్యము

పెరటిలో పాడియావు గల యిల్లాలు దాని మేతను, పాలను, పేడను గూడ నిత్యము గమనించుచుండును. ఆవు నెమరు వేయుట మానిన దినమున నేదో రోగము గలదని యామెకు వేరొకరు చెప్పనక్కఱలేదు. అట్టి యిల్లాండ్రే వాకిట నిలిచిన మోటారు బండిని గుఱించి మాత్రము "అది మగవారి సంగతి" యని యూరకుందురు. మొన్న మొన్నటి వఱకు మేమును అట్లే యుంటిమి. ఆ యుపేక్షకు మేము చెల్లింపవలసి వచ్చిన మూల్యము అఱువది వేల రూపాయలు. అది యెట్లు తప్పినదో సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యింట నున్నది టాటా ఇండికా డీసెలు కారు. ఈ జాతి బండ్లు 1998 సంవత్సరాంతమున మొదట వెలువడినవి. 2018లో వీని తయారు నిలిచిపోయినది. మా బండి 2008 నాటిది. కొన్నేండ్లు పరుల చేతిలో దిరిగిన పిమ్మట మా యింటికి వచ్చినది. పదునైదేండ్ల గడువు నిండగా 2023లో తనిఖీ చేయించి, మరి యైదేండ్లకు రిజిస్ట్రేషను పొందితిమి. బడిపంతులు జీతముపై క్రొత్త బండి కొనుట మాకు సాధ్యము గాదు. బండి లేకుండుటయు సాధ్యము గాదు. మా యత్తగారికి మూత్రపిండముల వ్యాధి. వారమునకు రెండు మారులు తెనాలి నుండి గుంటూరునకు బోయి డయాలిసిస్ చేయించుకొనవలెను. వచ్చునపుడు బస్సులో నిలువబడు శక్తి యామెకు నుండదు.

నిరుడు వర్షకాలము తరువాత బండి నల్లని పొగ విడువజొచ్చెను. ఎత్తెక్కునపుడు రొప్పుచుండెను. ఒక షెడ్డులో జూపింపగా, ఇంజను లోపల నఱిగిపోయినదనియు, బోరు చేయించి పిస్టనులు, రింగులు మార్పవలెననియు, అఱువది వేలు సిద్ధము చేసికొమ్మనియు చెప్పిరి. ఆ సొమ్ము మా పెద్దమ్మాయి కళాశాల రుసుమునకై దాచినది. మా వారు రెండు రాత్రులు నిద్రపోలేదు.

అప్పుడు మేము రెండు పనులు చేసితిమి. మొదటిది, బండి తినునదెంత, నడుచునదెంత యని లెక్క వ్రాయుట. దీనికి పెద్ద చదువక్కఱలేదు. డీసెలు తొట్టిని పూర్తిగా నింపించి, నాటి కిలోమీటర్ల అంకెను చాకలి పద్దు ప్రక్కనే వ్రాసికొనవలెను. మరల నింపించునపుడును అదే బంకులో, తుపాకి తనంతట తాను ఆగిన చోటనే యాపి, పట్టిన లీటర్లను, నాటి అంకెను వ్రాయవలెను. నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించినచో లీటరు కెంత నడిచినదో తేలును. ఒక్క మారు చూచిన లెక్క నమ్మదగినది గాదు. మూడు నాలుగు మారులు చూచిన గాని సత్యము బయటపడదు. పూర్వము పదునైదు కిలోమీటర్లిచ్చిన మా బండి పదునొకటికి దిగినట్లు కనబడెను. ఆసుపత్రి ప్రయాణములకు నెలకు దాదాపు 480 కిలోమీటర్లగును. అనగా ముప్పదిరెండు లీటర్లు పట్టవలసిన చోట నలువదినాలుగు పట్టుచున్నవి. లీటరు తొంబది రూపాయలకు పైబడిన యీ దినములలో నెలకు వేయి రూపాయలకు పైగా పొగయై పోవుచున్నదన్నమాట.

రెండవది, ఈ యంత్రము పనిచేయు విధమును తెలిసికొనుట. రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున దీనిని జయప్రదముగా నడిపి చూపెను. 1900లో ప్యారిసు ప్రదర్శనమున నిట్టి యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడిచినదని చదివి మేము చాల ముచ్చటపడితిమి. పెట్రోలు యంత్రమునకు నిప్పురవ్వ కావలెను, దీనికి అక్కఱలేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు దాని యడుగు వేడెక్కుట మనమెఱుగుదుము గదా. అట్లే దీనిలో గాలిని ఇరువదవ వంతు కంటెను చిన్నదిగా నొక్కుదురు. ఆ వేడిలో డీసెలును మంచువలె సన్నగా జిమ్మినంతనే తనంతట తానే యంటుకొనును. కావున గాలి నిండుగా రావలెను, డీసెలు సన్నని తుంపరగా పడవలెను, నొక్కిన గాలి సందుల వెంట జాఱిపోరాదు. ఈ మూడింటిలో నేది తప్పినను పొగ చెప్పివేయును.

పొయ్యి యూదిన వారికి పొగ భాష నేర్పనేల? నల్లని పొగ యనగా గాలి చాలలేదు, లేదా డీసెలు ఎక్కువైనది, లేదా బొట్లుగా పడుచున్నది. నీలి పొగ యనగా ఇంజను ఆయిలు కాలుచున్నది. పిస్టను రింగులు గాని, కవాటముల సీళ్లు గాని అఱిగినవేమో యని శంకింపవలెను. చల్లని యుదయమున కొంచెము తెల్లపొగ వచ్చుట వింత గాదు. బండి వేడెక్కిన పిమ్మటను అది విడువక, రేడియేటరులో నీరు తఱుగుచున్నచో నీరు లోనికి బోవుచున్నదన్నమాట, ఆలస్యము చేయరాదు.

మా బండి పొగ నల్లనిది గాని నీలిది గాదు. ఆయిలు కొలత కడ్డీని వారము వారము తీసి చూచితిమి. ఆయిలు తఱుగుట లేదు. రింగులు అఱిగినచో ఆయిలు తఱుగకుండునా యని మాకు సందేహము గలిగెను. మా వారితో చెప్పగా నవ్విరి గాని, మఱునాడే బండిని మఱియొక ముసలి మేస్త్రి యొద్దకు గొనిపోయిరి. ఆయన నాలుగు సిలిండర్లకును గేజి బిగించి ఒత్తిడి కొలిచెను. నాలుగింటను దాదాపు సమానముగనే యుండెను. ఇంజను ఆరోగ్యముగనే యున్నది!

రోగము వేరొక చోట గలదు. గాలి ఫిల్టరు ఊకధూళితో గోనెపట్టవలె బిగిసిపోయినది. డీసెలు చిమ్ము నాజిళ్లలో రెండు తుంపరకు బదులు బొట్లు కార్చుచుండెను. వేరొకటి మేమే కనిపెట్టితిమి. గుంటూరు నుండి వచ్చిన వెంటనే చక్రముల దగ్గఱ చేయి యుంచి చూడగా, మూడు చక్రములకు లేని వేడి ముందరి యెడమ చక్రమునకు నుండెను. (చేయి దగ్గఱకు గొనిపోవలెను గాని తాకరాదు, కాలును.) బ్రేకు విడువక పట్టుకొనియుండుటచే బండి యెల్లప్పుడు బరువు లాగుచున్నట్లే యుండెనట. వీనికన్నిటికి నైన వ్యయము తొమ్మిది వేలకు కొంచెము లోపు.

ఇఁక నిత్యము చూచుకొనవలసినవి. డీసెలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని, ముఖ్యముగా వానకాలమున, దాని మర వదలు చేసి తీయించుచుండవలెను. పాత బండ్లలో డీసెలును నెట్టు పంపునకు ఆ డీసెలే కందెన. కాబట్టి నీరు చేరినను, కిరోసిను కలిసినను ఆ పంపు చెడును. అది మిక్కిలి ఖరీదైన యవయవము. తొట్టి పూర్తిగా నెండువఱకు నడుపుటయు తగదు. గొట్టములలో గాలి చేరినచో, డీసెలు పోసినను ఆ గాలిని బయటికి తీసినదాక బండి కదలదు. ఆయిలు మార్చిన కొలది దినములకే నల్లబడినదని కలత చెందనక్కఱలేదు. డీసెలు బండిలో మసిని తనలో నిలుపుకొనుటయే దాని పని. కొలతకు మించి పోయుట మాత్రము మంచిది గాదు. చక్రముల గాలిని బండి చల్లగా నున్నపుడే చూపింపవలెను. గాలి తగ్గినచో డీసెలు ఖర్చు పెరుగును, టైరును ప్రక్కల నఱుగును.

మైలేజి పెంచునని చెప్పి యమ్ము అయస్కాంతములను డీసెలు గొట్టమునకు గట్టుట మా దృష్టిలో దండుగ. ఆ సొమ్ముతో రెండు గాలి ఫిల్టర్లు వచ్చును.

నడపు తీరును గుఱించి మా వారితో కొంత వాదము జరిగినది. పై గేరులో నెమ్మదిగా పోయినచో డీసెలు మిగులునని వారి నమ్మకము. కాని బండి గునియుచుండగా పై గేరులోనే తొక్కినచో నల్లపొగ వచ్చుట మేము వెనుక కిటికీ నుండి చూచితిమి. ఒక గేరు దించి, ఏబది అఱువది వేగమున నిలుకడగా పోయినప్పుడే లెక్క బాగుండెను. క్లచ్చిపై పాదము మోపి యుంచుట, ఆసుపత్రి వాకిట ఇంజను నడుపుచు నిరీక్షించుట వారు మానివేసిరి. నిలిచియున్న బండి యెంత త్రాగినను నడక సున్నయే గదా!

ఒక మాట మాత్రము తల్లులు మఱువరాదు. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో డీసెలు పొగను క్యాన్సరు కలిగించు వానిలో జేర్చినది. మూసిన చావడిలో బండిని స్టార్టు చేసి విడువకుడు. మా యత్తగారు కూర్చుండు అరుగు బండి వెనుకనే యుండెను. ఇప్పుడు బండిని ముఖము త్రిప్పి నిలుపుచున్నాము.

గడచిన నాలుగు మారులలో మా పుస్తకమున 14.6, 15.1, 14.9, 15.2 అని యున్నది. టైమింగు బెల్టు మార్చి చాల కాలమైనది. అది తెగినచో కవాటములు పిస్టనులకు దగిలి నిజముగనే అఱువది వేలగునని మేస్త్రి హెచ్చరించెను. బండిని ఈ మాసమున ఆయన యొద్దకు పంపవలెను. డయాలిసిస్ లేని శుక్రవారము నాడు పంపుడని యత్తగారే నిర్ణయించిరి.