గాయపడిన పనివానికి యజమాని యెవరు?

ట్రాక్టరు, నూర్పిడి యంత్రము, గొట్టపు బావి గ్రామ గ్రామమునకు వచ్చినవి. వానితో ప్రమాదములును వచ్చినవి. కూలివాని చేయి తెగినను, ప్రాణము పోయినను మొదట పుట్టు తగవు పరిహార మెంత యని కాదు, ఇచ్చువా రెవరని. రైతు మేస్త్రిని చూపును. మేస్త్రి యంత్రపు సొంతదారుని చూపును. అతడు మరల రైతునే చూపును. ఈ నడుమ కూలివాని కుటుంబము పస్తులుండును. కావున చట్టము యజమాని యని యెవరి నెంచునో సభ్యులెల్లరు తెలిసికొనవలయును.

మన దేశమున పనివారి నష్టపరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలయ్యెను. 2025 నవంబరు 21వ తేదీనుండి దాని స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వచ్చినది. పొలము పను లన్నియు 1923 నాటి చట్టము క్రిందికి రాలేదు గాని, ట్రాక్టరు మొదలగు యంత్రములతో చేయు సేద్యమును, గొట్టపు బావి పనియు దాని జాబితాలో నుండినవి.

మొదటి చిక్కు గుత్త పని. ఒక బియ్యపు మిల్లు తన బస్తాల యెగుమతి దిగుమతులను ముఠా మేస్త్రికి గుత్త కిచ్చిన దనుకొందము. మిల్లు ఆవరణలో బస్తా మీదపడి హమాలీ నడుము విరిగెను. కూలి పంచినవాడు మేస్త్రియే. అయినను ఆ పని మిల్లు నిత్య వ్యాపారములో భాగము గనుక, పరిహారమునకు మిల్లు బాధ్యురాలగును. మిల్లు తాను చెల్లించిన సొమ్మును తరువాత మేస్త్రినుండి రాబట్టుకొనవచ్చును. ఆ లెక్క తేలువరకు గాయపడినవాడు వేచియుండ నక్కరలేదు. ఈ నియమము పాత చట్టములో నుండెను, క్రొత్త స్మృతిలోను కలదు. ధాన్యము కొని నిలువచేయు సహకార సంఘములు దీనిని ముఖ్యముగా గమనింపవలయును.

రెండవ చిక్కు బాడుగ. ట్రాక్టరును డ్రైవరుతో సహా పొరుగు రైతునకు పంపినప్పుడు యజమాని యెవరు? ఒకరి పనివాని సేవను తాత్కాలికముగా మరియొకరికి బాడుగ కిచ్చినచో, వాని పని చేయునంత కాలము ఆ రెండవవాడే యజమాని యని 1923 నాటి చట్టము నిర్వచించెను. అయితే సేవను బాడుగ కిచ్చుట వేరు, ఎకరమున కింతయని దున్నిపెట్టుటకు ఒప్పుకొనుట వేరు. రెండవ దానిలో డ్రైవరు ట్రాక్టరు సొంతదారుని మనిషిగానే యుండును. మాట స్పష్టముగా లేనిచోట తగవు తప్పదు.

మూడవ చిక్కు, "వాడు కూలివాడు కాడు, స్వయముగా గుత్త పట్టినవాడు" అను వాదము. 1968లో ఒరిస్సాలో సినిమాహాలు అలంకరణ పనిలో ఒక వడ్రంగి పడి యెడమచేయి పోగొట్టుకొనెను. అతడు అప్పటికప్పుడు వచ్చిన గుత్తదారు మాత్రమే యని యజమాని వాదించెను. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయి 1975లో తీర్పయ్యెను. ఒంటిచేతి వడ్రంగికి వృత్తియే పోయినట్లని యెంచి, 9,800 రూపాయల పరిహారమును, ఆలస్యమునకు అపరాధ రుసుమును, వడ్డీని న్యాయస్థానము స్థిరపరచెను. పరిహారము చెల్లింపవలసిన బాధ్యత ప్రమాదము జరిగిన నాడే పుట్టునని కూడ చెప్పెను.

రైతు సోదరులారా! పనికి పిలుచునప్పుడే కూలి యెవరిచ్చునది, పని యెవరి యాజ్ఞపై జరుగునది, ప్రమాదమైన భార మెవరిది యను మాటలు కాగితముపై నుంచుడు. హాజరు పట్టీలో పేరు వ్రాయుడు. యంత్రమునకు భీమా యున్నదని విన్నంతమాత్రమున తృప్తిపడక, దానిపై పనిచేయు మనుష్యులకును అది వర్తించునో లేదో పత్రము చదివి చూడుడు. పనివా డయినచో ప్రమాద సమాచారమును ఆలస్యము చేయక వ్రాతమూలముగా నిచ్చి, నకలు దాచుకొనవలయును.

పరిహారము దయతో వేయు బిచ్చము కాదు, పనితో పుట్టిన ఋణము. పనికి ముందు వ్రాసికొన్న నాలుగు మాటలు, ప్రమాదము తరువాత నాలుగేండ్ల వ్యాజ్యమును తప్పింపగలవు.