ఒక కథ, 6,425 మంది రోగులు

కరోనా వచ్చిన మొదటి ఏడు, 2020 ఆగస్టులో, నేనొక కథ రాశాను. ఊళ్లో పారిశుధ్య కార్మికుడొకడు జబ్బుపడి కోలుకుంటాడు. అతన్ని ఏనాడూ గడప తొక్కనివ్వని భూస్వామి అదే జబ్బుతో పట్నం ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటాడు. కార్మికుడి రక్తంలోంచి తీసిన ప్లాస్మాను భూస్వామికి ఎక్కిస్తారు. మూడోనాటికి భూస్వామి లేచి కూచుంటాడు. కథ అచ్చయ్యాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. వస్తువు కొత్తదన్నారు, కులాన్ని నెత్తురు సాక్షిగా నిలదీశానన్నారు. నేనూ పొంగిపోయాను.

ఏడాదిన్నర తర్వాత ఒక చిన్న సాహిత్య సమావేశంలో ఆ కథ మీద చర్చ పెట్టారు. నా పాత విద్యార్థి కూతురు, అప్పుడు హౌస్ సర్జన్‌గా ఉన్న అమ్మాయి, వెనక బెంచీలోంచి లేచి అడిగింది.

“ప్లాస్మా ఎక్కించాక ఆయన లేచి కూచున్నాడు, సరే మాస్టారూ. ఎక్కించకపోతే ఏమయ్యేవాడు?”

“కథలో అది ఎట్లా తెలుస్తుందమ్మా?” అన్నాను.

“నేనూ అదే అడుగుతున్నానండీ,” అంది.

సభలో నవ్వులు. నేనూ నవ్వేశాను గాని, ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. ఆ అమ్మాయి పంపిన కాగితాలు చదువుతూపోతే, ఇది వైద్యులు మాత్రమే పట్టించుకోవలసిన ప్రశ్న కాదనీ, కథారచన మూలాల్లోనే ఉన్న ప్రశ్న అనీ అనిపించింది. నేను వైద్యుణ్ని కాను. అర్థం చేసుకున్నంతవరకు తోటి రచయితలకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలడం వల్లనే పండు పడిందని చూసినవాడు అనుకున్నాడు. దీన్ని మన పెద్దలు కాకతాళీయం అన్నారు. అలంకారశాస్త్రం చదివిన విద్యార్థులందరికీ ఈ మాట తెలుసు. కాని కథ రాయడానికి కూచోగానే మనం ఆ కాకి పక్షాన చేరిపోతాం. కథనశిల్పమంతా ‘తర్వాత’ను ‘అందువల్ల’గా మార్చడంలోనే ఉంది. మందు మింగాడు, లేచాడు అని రెండు వాక్యాలు పక్కపక్కన రాస్తే చాలు, మధ్యలో ‘కాబట్టి’ని పాఠకుడే పూరించుకుంటాడు. కథకుడి బలం అది. వైద్యంలో మాత్రం ఆ బలమే శతాబ్దాలపాటు మనుషుల్ని చంపింది. జలగలు పట్టించి నెత్తురు తీసిన వైద్యుడి దగ్గర కూడా బతికిన రోగుల కథలు బోలెడు ఉండేవి. చచ్చినవాళ్లు వచ్చి కథ చెప్పరు గదా.

దీనికి విరుగుడు ఏమిటి? ఒకే మనిషికి మందిచ్చీ, ఇవ్వకా చూడలేం. ఆ మనిషి రెండుసార్లు బతకడు. కాబట్టి ఒకేరకం మనుషులతో రెండు గుంపులు కావాలి. ఆ గుంపుల్ని వైద్యుడే ఏర్పరిస్తే బతికే కళ ఉన్నవాడికి తెలియకుండానే కొత్త మందు రాసేస్తాడు. లేదా జాలిపడి, మరీ క్షీణించినవాడికే రాస్తాడు. ఎట్లా రాసినా తూకం చెడుతుంది. అందుకని ఎవరు ఏ గుంపో ఎవరి ఇష్టానికీ వదలకుండా చీటీలకు వదిలేశారు. 1948లో లండన్‌లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ పరీక్ష దీనికి మొదటి గొప్ప ఉదాహరణ. దాన్ని రూపొందించిన గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ తనే యవ్వనంలో క్షయతో మంచం పట్టినవాడు. మందు కొరతగా ఉంది, అందరికీ చాలదు. అంటే ఎవరికో కొందరికి ఎట్లాగూ అందదు. ఆ ‘ఎవరో’ ఎవరన్నది సీలువేసిన కవర్లు తేల్చాయి. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరునెలల్లో మొదటి గుంపులో నలుగురు పోయారు, రెండో గుంపులో 14 మంది. మన పాత నవలల్లో నాయకుడు దగ్గి, రుమాలులో నెత్తురు చూసుకుని, చివరి ఉత్తరం రాసి చనిపోయే ఆ జబ్బుకు ఔషధం ఉందని తేల్చింది ఈ కవర్ల పద్ధతే.

ఇక మన కాలానికి వస్తాను. 2020 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య విభాగానికి చెందిన పీటర్ హోర్బీ, మార్టిన్ లాండ్రే నాయకత్వంలో ‘రికవరీ’ అనే పరీక్ష మొదలయింది. ప్రణాళిక రాసిన తొమ్మిది రోజులకే మొదటి రోగి చేరాడు. దీనికి ఆధారం ఇంగ్లండులో అందరికీ ఉచితంగా నడిచే ప్రభుత్వ వైద్యవ్యవస్థ. చిన్న ఊళ్ల ఆసుపత్రులతో సహా నూటడెబ్భైకి పైగా ఆసుపత్రులు చేరాయి. అలిసిపోయిన నర్సు కూడా నింపగలిగేంత చిన్న పత్రం. రోగి గాని, మాట్లాడలేని స్థితిలో ఉంటే అతని తరఫు మనిషి గాని ఒప్పుకుంటూ సంతకం చేస్తే, కంప్యూటరు చీటీ తీస్తుంది. 28 రోజుల తర్వాత లెక్క ఒక్కటే: ఉన్నాడా, పోయాడా. ఖర్చు ప్రధానంగా ప్రభుత్వ పరిశోధన నిధులనుంచే వచ్చింది. ఈ సంగతిని కాస్త ఒత్తి చెబుతున్నాను. ఎందుకంటే పరీక్షకు పెట్టిన మందుల్లో ఒకటైన డెక్సామెథసోన్ 1950ల నాటిది. పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. మన మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరుకుతుంది. దాని మీద ఇంత పెద్ద పరీక్ష జరిపితే ఏ కంపెనీకి లాభం? ఇదే కాలంలో రెమ్డెసివిర్‌ను అయిదురోజుల వైద్యానికి 2,340 డాలర్లని ఒక అమెరికా కంపెనీ ప్రకటించింది. 2021 ఏప్రిల్‌లో మన ఊళ్లలో పుస్తెలమ్మి నల్లబజారులో జనం కొన్నది దాన్నే. అంతకు ఆరునెలల ముందే, 2020 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్ష మధ్యంతర ఫలితాల్లో ఆ మందువల్ల మరణాలు తగ్గిన జాడ లేదు. 2022లో వచ్చిన పూర్తి ఫలితాల్లో, ఆక్సిజన్ మీద ఉండి వెంటిలేటర్ దాకా వెళ్లనివాళ్లకు స్వల్పమైన మేలు కనబడింది. అంతే.

2020 జూన్ 16న డెక్సామెథసోన్ ఫలితం బయటికొచ్చింది. 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పదిరోజుల వరకు ఇచ్చారు. 4,321 మందికి మామూలు వైద్యమే. మొత్తం 6,425. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మందు లేకపోతే నూటికి 41.4 మంది పోయారు, మందుతో 29.3. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2కు బదులు 23.3. ఊపిరికి ఏ సాయమూ అక్కర్లేనివాళ్లలో మాత్రం లెక్క తిరగబడింది. మందు లేనివాళ్లలో 14 మంది పోతే, మందు పడినవాళ్లలో 17.8. ఈ చివరి తేడా కచ్చితంగా హాని అని ముద్రవేయడానికి చాలదు గాని, మేలు లేదని చెప్పడానికి చాలు.

ఒకే మందు ఒకరికి మేలుచేసి, మరొకరికి చేయకపోవడంలో వింత లేదు. జబ్బు మొదటి వారంలో వైరస్ పెరుగుతుంది. అప్పుడు శరీరం రక్షణశక్తి కావాలి. రెండో వారంలో కొందరిలో ఆ రక్షణశక్తే అదుపుతప్పి సొంత ఊపిరితిత్తుల మీద పడుతుంది. స్టెరాయిడ్ చేసేది రక్షణశక్తిని అణచడం. రెండో దశలో అది ప్రాణం నిలబెడుతుంది. మొదటి దశలో శత్రువుకు తలుపు తీయడమే అవుతుంది.

ఈ ‘ఎప్పుడు’ అన్న సగాన్ని వదిలేసి, ‘పనిచేస్తుందట’ అన్న సగమే మన దగ్గరికి వచ్చింది. 2021 వేసవిలో జ్వరం వచ్చిన మొదటిరోజే ఫోనుల్లో తిరిగిన చీటీలు చూసి ఇంట్లోనే స్టెరాయిడ్లు మింగినవాళ్లు నాకు తెలిసే అయిదారుగురున్నారు. మా పక్కవీధి దర్జీ వాళ్లలో ఒకడు. చక్కెర జబ్బు ఉంది. స్టెరాయిడ్ చక్కెరను ఇంకా పెంచుతుంది. కరోనా తగ్గిన రెండు వారాలకు బ్లాక్ ఫంగస్ వచ్చి ఒక కన్ను తీసేశారు. ఆ మే నెలలోనే ఆ జబ్బు కేసులన్నిటినీ తప్పనిసరిగా నమోదు చేయమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. దర్జీకి ఆ చీటీ పంపిన బంధువు దుర్మార్గుడు కాడు. అతని అన్నయ్యకు ఆ మాత్రలతో తగ్గింది. అతనొక నిజమైన కథ పంపాడు.

నా ప్లాస్మా సంగతి చెప్పలేదు గదూ. మన దేశంలోనే భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ నుంచి జూలై దాకా 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ప్లాస్మాను పరీక్షించింది. జబ్బు ముదిరినవాళ్లు, పోయినవాళ్లు కలిపి ప్లాస్మా ఎక్కించినవాళ్లలో నూటికి 19 మంది, ఎక్కించనివాళ్లలో 18. తేడా లేనట్టే. ఇది ఆ అక్టోబరులో అచ్చయింది. అప్పటికి నా కథ ప్రెస్సులో ఉంది. 2021 జనవరిలో ‘రికవరీ’ వాళ్లు పదివేలకు పైగా రోగుల మీద చూసి అదే మాట చెప్పారు. అయినా ప్లాస్మా కోసం వెతుకులాట ఆగలేదు. వైద్య మార్గదర్శకాల్లోంచి దాన్ని తొలగించింది 2021 మే 17న. ఈలోగా రాత్రంతా దాతల కోసం ఫోన్లుచేసిన కుటుంబాలెన్నో. నా కథ చదివి ఎవరైనా ఫోను చేశారేమో నాకు తెలియదు. నా పాఠకులు అంతమంది లేరు అని సరిపెట్టుకోవడం నాకు చేతకాలేదు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. డెక్సామెథసోన్ ఇవ్వని 4,321 మందిలో పోయినవాళ్లు 1,110 మంది. అంటే ఆసుపత్రి దాకా వెళ్లేంత జబ్బుపడినవాళ్లలోనూ, ఆ మందు లేకుండానే 3,211 మంది బతికారు. వాళ్లందరికీ రోజూ ఒక వేపాకు తినిపించి ఉంటే, మూడువేల పైచిలుకు విజయగాథలు వేపాకు ఖాతాలో పడేవి. ఒక్కటీ అబద్ధం కాదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మందు కోసం బారులు తీరిన జనాన్ని మనలో కొందరు మూఢులని ఎద్దేవా చేశారు. నేను చేయలేను. ఆక్సిజన్ దొరకని రోజుల్లో డబ్బు అడగకుండా ఇచ్చే మందు కోసం వెళ్లారు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బతికారు, వెళ్లనివాళ్లలోనూ ఎక్కువమంది బతికారు. కంటి చుక్కలు తప్ప తక్కినవి పంచుకోవచ్చని ప్రభుత్వం మే 31న అనుమతించింది. హాని లేదన్నారు, పనిచేస్తుందనడానికి ఆధారం లేదనీ అన్నారు. రెండో మాట ఎవరికీ వినబడలేదు. నా కథ వాళ్ల నమ్మకం కన్నా ఏ విధంగా శాస్త్రీయం? సూదీ గొట్టమూ ఉన్నాయి కనుకనా?

‘ప్రయోగం’ అంటేనే మనవాళ్లకు భయం. అది అకారణం కాదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను, ఒక విదేశీ సంస్థ ఆధ్వర్యంలో, వేలాదిమంది బాలికలకు వేశారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుబట్టింది. కొందరు పిల్లలు చనిపోయారు. వాటికి టీకా కారణం కాదన్నది విచారణ తేల్చిన మాట. ఆ టీకా మంచిదేనని తర్వాత చాలా దేశాల అనుభవం రుజువు చేసింది కూడా. అయినా, అడగకుండా వేసిన సూది మంచిదైనంత మాత్రాన అడగకపోవడం ఒప్పు కాదు. చీటీల పద్ధతిని నేను మెచ్చుకుంటున్నది, సంతకం ఎవరిది అన్న ప్రశ్నను పక్కన పెట్టి కాదు.

ఒక సాహితీమిత్రుడు నాతో వాదించాడు. గణాంకానికి కావలసింది సగటు మనిషి, సాహిత్యానికి కావలసింది ప్రాతినిధ్య పాత్ర, రెంటినీ కలపకు అన్నాడు. నిజమే. నూటికి 29.3 మంది అనే మనిషికి ముఖం లేదు. కాని ఆ అంకెలోకి దిగి చూస్తే నాకొక విచిత్రం కనబడింది. వెంటిలేటర్ మీదున్న ఎనిమిదిమందికి డెక్సామెథసోన్ ఇస్తే, సుమారుగా ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. ఎనిమిదిలో ముగ్గురు పోయేచోట ఇద్దరు పోతారు. ఆరుగురు ఇంటికెళతారు. ఆ ఆరుగురిలో అయిదుగురు మందు లేకపోయినా వెళ్లేవాళ్లే. మందువల్ల బతికిన ఆరోవాడెవరు? డాక్టరుకు తెలియదు. నర్సుకు తెలియదు. వాడికీ తెలియదు. ఆరుగురూ దేవుడికో, డాక్టరుకో, తమ గుండె నిబ్బరానికో దండం పెట్టుకుంటారు. వాడు ఉన్నాడన్నది మాత్రం నిజం. అంతకన్నా యథార్థమైన, అంతకన్నా అజ్ఞాతమైన పాత్ర నాకు సాహిత్యంలో తగల్లేదు. అతన్ని కథలోకి ఎట్లా తేవాలో నాకింకా తెలియలేదు.

నిరుడు సంపుటి వేసేటప్పుడు ఆ పాత కథ విషయం తేల్చవలసి వచ్చింది. తీసేద్దామా అంటే, ఆ కాలంలో మనం నమ్మినదానికి అదొక సాక్ష్యం. ప్లాస్మాను ఉంచాను. దాత కోసం వెతికిన రాత్రిని ఉంచాను. భూస్వామి లేచి కూచునే చివరి పేజీ కొట్టేశాను. సీసాలోంచి పచ్చటి ప్లాస్మా గొట్టంలోకి దిగుతూ ఉంటుంది, వరండాలో కార్మికుడు చేతి మడతలో దూది నొక్కిపట్టుకుని కూచుంటాడు. అక్కడే కథ ఆగిపోతుంది. పుస్తకం పంపితే ఆ అమ్మాయి చదివి ఫోను చేసింది. “ఇప్పుడు బాగుంది మాస్టారూ. కాని మీ కార్మికుడికి బస్సు చార్జీలు ఎవరిచ్చారో రాయలేదేం?” అంది.