పెనుగొండ చుట్టూ యాభై కిలోమీటర్ల పాట

కొత్తగా బ్యాండు పెట్టుకున్న తెలుగు కుర్రాళ్లను మీ మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే జవాబులు దాదాపు ఒకేలా వస్తాయి. ఇళయరాజా, రెహమాన్, బాబ్ మార్లీ, పింక్ ఫ్లాయిడ్. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ జాబితాలో పెళ్లి ఊరేగింపు ముందు నడిచే క్లారినెట్టు కనబడదు. నాటకాల స్టేజి పక్కన మోగిన హార్మోనియం, పొద్దున్నే రేడియోలో వచ్చిన లలితగీతం, ఆదివారం చర్చిలో వాయించే కీబోర్డు కూడా కనబడవు. ఊహ తెలిసే వయసులో చెవి తయారయ్యేది మాత్రం ఎక్కువగా వీటి దగ్గరే.

గోదావరి డెల్టాలో ఈ సంగతిని పటం పరిచి చూపించొచ్చు. తణుకుకీ పాలకొల్లుకీ మధ్య ఉన్న పెనుగొండ పేరు చెప్పగానే ఎవరికైనా వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి గుర్తొస్తుంది. ఆర్యవైశ్యులకు అది పుణ్యక్షేత్రం. సంగీతం వాళ్ల నోట ఆ ఊరి పేరు పెద్దగా వినబడదు. అయినా పెనుగొండ మీద సూది గుచ్చి యాభై కిలోమీటర్ల వృత్తం గీస్తే పాలకొల్లు, నిడదవోలు, తిరుపతిపురం, కొవ్వూరు, గోదావరి అవతల శంకరగుప్తం అన్నీ లోపలే పడతాయి. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు పాటను మలుపు తిప్పినవాళ్లలో చాలామంది పుట్టిన ఊళ్లవి.

ముందు పాలకొల్లు. ఉప్పలపు శ్రీనివాస్ అక్కడ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. బ్రిటిష్ సైనిక బ్యాండ్ల వెంట మన దేశానికొచ్చిన ఆ వాయిద్యం అప్పటికి డెల్టా పెళ్లిళ్లలో సన్నాయికి పోటీగా స్థిరపడిపోయింది. ఆ ఇంట్లో మేండొలిన్ కూడా ఒకటుండేది. ఆరేళ్ల శ్రీనివాస్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పిల్లవాడి ఆసక్తి చూసి తండ్రి కొత్తది కొనిచ్చారు. పాశ్చాత్య సంగీతం రుచి చూపించినాయన వాసూరావు అనే గిటారిస్టు. కర్ణాటక సంగీతం నేర్పింది తండ్రికీ గురువైన రుద్రరాజు సుబ్బరాజు. ఆయనకు మేండొలిన్ వాయించడం రాదు. కీర్తన పాడి వినిపిస్తే శిష్యుడు తీగల మీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడంతో ఆ పిల్లాడు తన పద్ధతిని తనే కనిపెట్టుకోవాల్సి వచ్చింది. గొంతులో విన్నదాన్ని వాయిద్యంలోకి దించుకోవడమే అతని చదువు.

చిక్కు వాయిద్యంలోనే ఉంది. ఇటలీలో పుట్టిన మేండొలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. మీటిన స్వరం టక్కున మోగి వెంటనే ఆరిపోతుంది. మెట్లు స్వరాన్ని గళ్లు గళ్లుగా కోస్తాయి. కర్ణాటక రాగానికి గమకం ప్రాణం. స్వరం ఊగాలి, జారాలి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పాకాలి. జంట తీగలను లాగి అలా ఊపడం కష్టం. శ్రీనివాస్ జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ పికప్‌తో ధ్వని నిలిచేలా చేసుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో వాయించేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు కచేరీ. కరెంటుతో మోగే విదేశీ బొమ్మ మీద త్యాగరాజ కీర్తనేమిటని సణిగిన ఛాందసులూ లేకపోలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్లకే పోయాడు.

ఈ కథలో బ్యాండు పెట్టుకునేవాళ్లు గమనించాల్సింది బాలమేధావి అద్భుతం కన్నా చిన్న విషయం. శ్రీనివాస్ పరాయి వాయిద్యం తెచ్చుకుని పరాయి పాట వాయించలేదు. తనకు తెలిసిన పాట పలికేదాకా వాయిద్యాన్నే మార్చాడు. డెల్టాకు ఈ పని కొత్త కాదు. హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. మెట్ల మధ్య గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ కట్టు సడలలేదు. రేడియో వెలివేసిన ఆ పెట్టె ఇక్కడి పద్యనాటకాలకు మాత్రం ఊపిరిపోసింది. పెనుగొండ పక్కనే ఉన్న ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి రాసిన 'గయోపాఖ్యానం', మత్స్యపురిలో పుట్టిన కాళ్లకూరి నారాయణరావు రాసిన 'చింతామణి' ఊరూరా ఆడాయి. పద్యం చివర రాగం లాగుతుంటే హార్మోనియం వెంటపడి వస్తుంది, జనం 'వన్స్‌మోర్' అంటారు, నటుడు మళ్లీ మొదలెడతాడు. రాక్ కచేరీలో గిటారిస్టు సోలోకు ఈలలు వేసే కుర్రాడి తాతగారు బహుశా ఆ పందిట్లోనే ఉండేవారు.

రేడియో ఇచ్చింది మరో రకం. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. 1947 ఆగస్టు 15 తొలి గడియల్లో మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన స్వాతంత్ర్య గీతం ఆయనదే. తర్వాత విజయవాడ కేంద్రంలో లలిత సంగీతానికి పెద్ద దిక్కయ్యారు. అత్తిలి దగ్గరి తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి విశ్వనాథం కూడా సొంతంగా రాసి బాణీ కట్టినవారే. 'గాలివాన' కథకు అంతర్జాతీయ బహుమతి తెచ్చిన పద్మరాజుకు తమ్ముడు. తల్లి బిడ్డను లాలించే పాట, ఒక్కసారి ఊరెళ్లి రావాలనిపించే పాట, ఇలాంటి ఇంటి సంగతులకు ఆయన కట్టిన బాణీలు ఇప్పటికీ పాటల పోటీల్లో వినిపిస్తాయి. శంకరగుప్తం నుంచి వచ్చిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రంతో ఆగక వయొలా, మృదంగం, కంజిరా కూడా వాయించారు. విజయవాడ రేడియో భక్తిరంజనికి జీవం పోసినవారిలో ఆయన ఒకరు.

సినిమాతో సంబంధం లేని గ్రామఫోను రికార్డులను ఆ రోజుల్లో ప్రైవేటు పాటలనేవారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలతో ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' అలాంటిదే. రావు బాలసరస్వతీదేవి, ఎం.ఎస్. రామారావు వంటివారికి సినిమా గుర్తింపుతో సమానంగా ఈ పేరూ ఉండేది. కథానాయకుడు లేకుండా, సన్నివేశం లేకుండా, పాట తన కాళ్ల మీద తను నిలబడిన కాలం అది. ఇండీ అని ఇవాళ మనం పిలిచే పని తెలుగులో అప్పుడే జరిగిపోయింది. మధ్యలో సినిమా పాట ఊరంతా మైకుల్లో నిండిపోయి ఆ దారి పలచబడింది. 2000లో స్మిత 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో పాప్ ఊపు కొంత వచ్చింది కానీ దాని వెనక బ్యాండ్ల వరస ఏర్పడలేదు.

చర్చి సంగతి ఎవరూ పెద్దగా రాయరు. నరసాపురం ప్రాంతానికి మిషనరీలు 1830ల్లోనే వచ్చారు. పురుషోత్తమ చౌదరి వంటివారు క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగాల్లో కట్టారు. ఆ కీర్తనల పుస్తకం ఇప్పటికీ ఆరాధనల్లో వాడుకలో ఉంది. దాని పక్కనే ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్, బేస్ గిటారు చేరాయి. వారం వారం నలుగురి ముందు తప్పకుండా వాయించాలి. గాయకురాలు శృతి పెంచితే వెంటనే పెంచాలి. డబ్బులిచ్చి చేరే ఏ సంగీత పాఠశాలా ఇంత సాధన చేయించదు. కోస్తా పట్టణాల్లో ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయించేవాళ్లలో ఎంతమంది చేయి అక్కడ తిరిగిందో లెక్క తీస్తే ఆశ్చర్యపోతాం.

వృత్తంలో పైకి వెళ్తే కొవ్వూరు. 1961లో అక్కడ పుట్టిన కీరవాణి 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు'కు బహుమతి అందుకుంటూ అమెరికన్ అన్నాచెల్లెళ్ల బృందం కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పారు. వాళ్ల 'టాప్ ఆఫ్ ద వరల్డ్' బాణీలోనే తన కృతజ్ఞతలు పాడారు. ఆ బృందంలో మిగిలిన రిచర్డ్ కార్పెంటర్ కుటుంబంతో కలిసి పాడి వీడియోలో బదులిచ్చారు. సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసి, వేటూరిని గురువుగా తలచుకుని, ఊరి తీన్‌మార్ దరువుతో ప్రపంచాన్ని గెంతించిన మనిషి చెవిలో ఒక మూల ఆ అమెరికన్ మెత్తదనం దాక్కుని ఉంది. ప్రభావమంటే పోలిక కనబడాలని లేదు. 'నాటు నాటు'లో కార్పెంటర్స్ ఎక్కడున్నారని వెతికితే దొరకరు.

ఇక ఈ తరం బ్యాండ్లు. హైదరాబాద్‌లో పుట్టిన 'చౌరస్తా' పేరు వీటిలో ముందు వస్తుంది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల మరికొందరు మిత్రులు కలిసి పల్లె పదానికి రెగే నడక తొడిగారు. రెగే జమైకాలో 1960ల చివర రూపు కట్టింది. అందులో గిటారు తాళం దెబ్బ మీద పడదు, రెండు దెబ్బల నడుమ ఖాళీలో తగులుతుంది. ఆ ఖాళీ వల్లే పాట బద్ధకంగా ఊగుతున్నట్టుంటుంది. మన జానపదాల్లో కూడా గాయకుడు మాటను దరువుకు కాస్త వెనక వేసే అలవాటుంది కాబట్టి ఈ పెళ్లి కుదిరింది. నగరంతో విసిగి ఊరెళ్లిపోతానని మావకు చెప్పుకునే వాళ్ల పాట యూట్యూబ్‌లో జనం నోళ్లలో పడింది. పాలగుమ్మివారి రేడియో పాటలో ఊరెళ్లి రావాలన్న తపనే ఇది. అప్పుడు వీణ, వేణువు, ఇప్పుడు బేస్ గిటారు. 2020 మార్చిలో కరోనా జాగ్రత్తల మీద చేసిన పాట ఇంకా వేగంగా పాకింది.

తర్వాత జరిగింది ఊహించదగ్గదే. రామ్ మిరియాల గొంతు 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాటతో ఇంటింటికీ చేరింది. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ కట్టి పాడింది అతనే. మరుసటేడు 'బలగం'లో మంగ్లితో కలిసి పల్లెటూరి పాట. బ్యాండు మనిషిని సినిమా ఎత్తుకుపోయిందని నిట్టూర్చేవాళ్లున్నారు. అటువైపు నుంచి చూస్తే బ్యాండు ఊపు సినిమాలోకి దొంగదారిన చొరబడిందనీ అనొచ్చు. 'డీజే టిల్లు' పాటలో వినబడే తేలికతనం స్టూడియోలో పుట్టింది కాదు, స్టేజి మీద జనాన్ని చూస్తూ పాడిన అలవాటు నుంచి వచ్చింది.

అసలు కష్టం పొట్టకూటి దగ్గరుంది. హైదరాబాద్ పబ్బుల్లో వాయించే బ్యాండుకు రాత్రి కార్యక్రమంలో ముప్పాతిక పాటలు సినిమావే అయి తీరాలి. సొంత పాట మొదలెట్టగానే శ్రోతలు ఫోన్లలోకి తల దించుతారు. యూట్యూబ్, స్పాటిఫై ఇచ్చే చిల్లరతో స్టూడియో అద్దె తీరదు. కాలేజీ ఉత్సవాలు, కార్పొరేట్ విందులు, పెళ్లి సంగీత్‌లు కడుపు నింపుతాయి. బెంగళూరులో 2003లో మొదలైన 'అగం' బృందం త్యాగరాజ కీర్తనలను ఎలక్ట్రిక్ గిటార్ల మీదికి తెచ్చి దేశమంతా టికెట్లు అమ్ముకుంటోంది. ఆ కీర్తనలు తెలుగులో ఉన్నా ఆ పని తెలుగునాట మొదలవలేదన్నది కాస్త గుచ్చుకునే మాటే.

డెల్టాలో వేదికలకు కరువు లేదు. జనవరిలో మొదలయ్యే భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు నెల రోజుల దాకా సాగుతాయి. రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం ఉంది. వైశాఖంలో పెనుగొండలో వాసవీ జయంతి. సంక్రాంతికి ఊరూరా పందిరి. అక్కడ పద్యనాటకానికి రాత్రి కేటాయిస్తారు, సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఇంకో రాత్రి. సొంత పాటలు పాడే బ్యాండుకు ఆ కమిటీల కాగితాల మీద ఇంకా గడి లేదు. పిలవడానికి వాళ్లకేమీ అభ్యంతరం ఉండకపోవచ్చు. ఎవరైనా తణుకులోనో పాలకొల్లులోనో డ్రమ్ములు సర్దుకుని వెళ్లి అడగాలి, మొదటి ఏడాది రెండు పాటల మధ్య ఖాళీలో అరగంటకు ఒప్పుకోవాలి, ఆ అరగంటలో జనం లేచి పోకుండా చూసుకోవాలి.