మిర్చికొట్లో కంప్యూటరు

గుంటూరు మిర్చియార్డులో మా బావగారికి కమీషన్ కొట్టు వుంది. చిట్టా ఆవర్జాలు చూసేది నేనే. కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు "డబ్బుకు చూడకు, మంచిది తీసుకురా" అన్నాడు బావ. ఇంజనీర్లు ప్లాన్లు గీసుకొనే వర్క్‌స్టేషన్ ఒకటి తెచ్చాను. దాన్నే సర్వరుగా పెట్టి, నాలుగు బల్లల మీది కంప్యూటర్లనూ దానికి తగిలించాం.

మార్చి నెల. టిక్కీలు గుట్టలుగా పడి వున్నాయి. పదకొండింటికి ఆ పెట్టె చప్పున ఆగిపోయింది. నలుగురు గుమాస్తాలూ చేతులు ముడుచుకొని కూర్చున్నారు. దర్శి నుంచి వచ్చిన ముసలి రైతు "తక్‌పట్టీ యిస్తే బస్సెక్కుతా బాబూ" అంటూ అరుగు మీదే వుండిపోయాడు. చీకటి పడ్డాక కాటా చీటీలు వెతికి, చేత్తో రాసి యిచ్చాను. అతని ముఖంలోకి చూడలేకపోయాను.

రాత్రి మేనల్లుడు వచ్చి మూత విప్పాడు. లోపలంతా మిరపదుమ్ము! ముగ్గురమూ తుమ్మాం. కరెంటు అందించే భాగం కాలిపోయింది.

"దీని తప్పేం లేదు మామయ్యా. ఒక మనిషి ఎదురుగా కూర్చుని పని చేసుకోవడానికి దీన్ని చేశారు. అందుకే గ్రాఫిక్స్ కార్డు అంత గొప్పది. ఇది ఆగితే ఆ ఒక్కడి పనే ఆగుతుంది. సర్వరు ముందు ఎవరూ కూర్చోరు. రేయింబవళ్ళు తిరుగుతూ, అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పాలది. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్‌లో వర్తకుడి చేతిలో వుండేది ఫోనే కదా. ధరల లెక్కంతా ఎక్కడో సర్వరులో జరుగుతుంది."

సర్వరులో కరెంటు భాగాలు రెండు పెట్టవచ్చుట. ఒకటి పోతే రెండోది మోస్తుంది. యంత్రం ఆపకుండానే చెడ్డదాన్ని మార్చుకోవచ్చు. జ్ఞాపకంలో ఒక బిట్టు తారుమారైతే తనంతట తనే దిద్దుకొంటుంది. చిప్పు తొడుగులోంచి వచ్చే ఆల్ఫా కణాలు సైతం బిట్లను మార్చేస్తాయని ఇంటెల్ శాస్త్రజ్ఞులు 1978లోనే చెప్పారు. మంచి వర్క్‌స్టేషన్లకూ ఈ దిద్దుబాటు వుంటుందనుకోండి.

"లెక్కలు రెండు డిస్కుల మీద జంటగా వుంటాయి. అలాగని వేరే నకలు మానకూడదు. గుమాస్తా పొరపాటున చెరిపేస్తే రెండింటిలోనూ చెరిగిపోతుంది!"

చిన్న సర్వరు కొని, దుమ్ము తగలని వెనక గదిలో పెట్టాం. దాని ఫ్యాన్ల హోరుకు బావ యిప్పటికీ విసుక్కుంటాడు. బాగు చేయించిన వర్క్‌స్టేషన్‌ను ఇళ్ళ ప్లాన్లు గీసే మా అమ్మాయి పట్టుకుపోయింది; దానికది అమోఘంగా వుందిట.

దర్శి రైతు ఈ ఏడూ సరుకు తెచ్చాడు. బస్తాలు దింపకముందే అడిగాడు: "మిషను బాగుందా బాబూ?"