మీకు తెలుసా? దేశం తమది, నోటు పరాయిది

ఒకప్పుడు మన ఊళ్లలో బస్టాండు గోడ మీదా, కాలేజీ ప్రహరీ మీదా ఎర్రరంగుతో ‘సామ్రాజ్యవాదం నశించాలి’ అని రాసి ఉండేది. చదివి చదివి కళ్లకు అలవాటైపోయింది కానీ, అది ఎలా ఉంటుందో చూపించమంటే మాత్రం చాలామంది తడుముకునేవాళ్లు. ఒక మంచి నమూనా జేబులో పట్టేంత ఉంటుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లోని 14 దేశాల్లో, 20 కోట్లకు పైగా జనం కూరగాయల నుంచి కరెంటు బిల్లు దాకా రోజూ లెక్కపెట్టి ఇచ్చే సెఫా ఫ్రాంక్ నోటు అది.

◆

సెఫా ఫ్రాంక్ పుట్టింది 1945 డిసెంబరు 26న, పారిస్‌లో. ఆ ఆఫ్రికా ప్రాంతం అప్పటికి ఫ్రాన్స్ వలస కాబట్టి అందులో వింతేమీ లేదు. వింత తర్వాత మొదలైంది. 1960లో ఆ వలసలు వరసగా స్వతంత్ర దేశాలయ్యాయి. కొత్త జెండాలు, కొత్త జాతీయగీతాలు, కొత్త అధ్యక్షులు వచ్చారు. నోటు మాత్రం అదే. దాన్ని అచ్చువేయించే పశ్చిమాఫ్రికా కేంద్ర బ్యాంకు ప్రధాన కార్యాలయం కూడా 1970ల చివరిదాకా పారిస్‌లోనే ఉంది.

◆

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి. అసలు విషయమంతా ఇందులోనే ఉంది.

మొదటిది మారకం రేటు. ఒక యూరోకు 655.957 సెఫా ఫ్రాంకులు. మార్కెట్ ఎటు పోయినా ఈ అంకె కదలదు. రెండోది నిల్వలు. ఐవరీ కోస్ట్ కోకో అమ్మినా, మాలి పత్తి అమ్మినా వచ్చే విదేశీ మారకంలో కొంత భాగాన్ని ఫ్రెంచి ఖజానాలోని ఒక ఖాతాలో ఉంచాల్సి వచ్చేది. 1973 దాకా మొత్తం అక్కడే ఉండేది. ఆ తర్వాత 65 శాతం అన్నారు, 2000ల మధ్య నుంచి సగం చాలన్నారు. మూడోది, ఫ్రాన్స్‌కూ ఈ దేశాలకూ మధ్య డబ్బు అడ్డు లేకుండా తిరగొచ్చు. అంటే ఐవరీ కోస్ట్ నగరం అబీజాన్‌లో లాభం చేసుకున్న ఫ్రెంచి కంపెనీ, మారకం రేటు పడిపోతుందన్న బెంగ లేకుండా ఆ లాభాన్ని ఇంటికి పంపుకోవచ్చు. నాలుగోది, కేంద్ర బ్యాంకు బోర్డులో ఫ్రాన్స్ ప్రతినిధులకు కుర్చీలు ఉండేవి. జీతం అల్లుడిది, పాసుబుక్కు మామగారి బీరువాలో అన్నట్టుండేది వ్యవహారం.

న్యాయంగా చెప్పాలంటే, ఫ్రాన్స్ ఊరికే ఏమీ తీసుకోలేదు. నిల్వల మీద వడ్డీ ఇచ్చేది. ఎప్పుడు అడిగినా సెఫాను తమ కరెన్సీలోకి మారుస్తామని హామీ పడింది. ధరలు కూడా చాలావరకు అదుపులో ఉన్నాయి. పక్కనే సొంత కరెన్సీ ఉన్న ఘనాలో 2022 డిసెంబరు నాటికి ద్రవ్యోల్బణం 50 శాతం దాటింది. ఆ ఏడాది సెఫా దేశాలవాళ్లు అలాంటిది చూడలేదు. అందుకే సెనెగల్ రాజధాని డకార్‌లో, అబీజాన్‌లో ఈ నోటును వెనకేసుకొచ్చే మంత్రులు, వ్యాపారులు ఇప్పటికీ తక్కువేం కాదు. పిల్లల్ని పారిస్‌లో చదివించేవాళ్లకు, అక్కడ ఫ్లాటు కొనేవాళ్లకు గట్టి కరెన్సీ ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. పత్తి పండించే రైతుకే చిక్కు. తన సరుకు ఖరీదు, పైనుంచి దిగే సరుకు చవక అయినప్పుడు, ఆ ఊళ్లో మిల్లు ఎవరు పెడతారు?

◆

నోట్లు అచ్చయ్యే ఊరు షమాలియేర్. ఆఫ్రికాలో వెతక్కండి, ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న చిన్న పట్నం అది. ఆ ఊరికి ఒకప్పటి మేయర్ వాలెరీ జిస్కార్ దెస్తాన్ తర్వాత ఫ్రాన్స్ అధ్యక్షుడయ్యారు. నాణేలు పోసేది పెసాక్‌లో. అదీ ఫ్రాన్సే.

◆

సెనెగల్ సెఫా, కామెరూన్ సెఫా రెండింటికీ పేరు ఒకటే, యూరోతో రేటూ ఒకటే. కానీ డకార్ నోటు పట్టుకుని యావుండే వెళితే అంగట్లో చెల్లదు. రెండు కేంద్ర బ్యాంకులు, రెండు వేర్వేరు నోట్లు. పక్కపక్క ఆఫ్రికా మండలాలు ఒకదాంతో ఒకటి కలవాలన్నా దారి యూరో మీదుగానే.

◆

కాదన్నవాళ్లకు ఏమైంది? గినీ కథ వినాలి.

1958లో ఫ్రాన్స్ నాయకుడు ద గాల్ తన వలసలన్నిటికీ ఒక ప్రశ్న వేశారు. ఫ్రెంచి సమాజంలో ఉంటారా, పోతారా? సెప్టెంబరు 28న ఓటు. గినీ నాయకుడు సెకూ తూరే, ద గాల్ ఎదుటే రాజధాని కొనాక్రీలో నిలబడి, బానిసత్వంలో సంపద కంటే స్వేచ్ఛలో పేదరికమే మేలన్నారు. జనం 95 శాతానికి పైగా ‘వద్దు’ అన్నారు. అలా అన్న వలస అదొక్కటే. ఫ్రెంచి అధికారులు రోజుల్లో సర్దుకుని వెళ్లిపోయారు. పోతూ పోతూ ఫైళ్లు, ఫోన్లు కూడా వదలకుండా ఊడబెరుక్కుపోయారని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి.

1960 మార్చి 1న గినీ సొంత కరెన్సీ తెచ్చుకుంది. అప్పుడు ఫ్రెంచి గూఢచారి సంస్థ ‘పెర్సిల్’ అనే రహస్య పథకం నడిపింది. ప్రభుత్వ వ్యతిరేకులకు ఆయుధాలు అందించడం అందులో ఒక భాగం. దొంగనోట్లు గుద్ది గినీ మార్కెట్‌లోకి కుమ్మరించడం రెండో భాగం. ఆ సంస్థలో ఆఫ్రికా వ్యవహారాలు చూసిన మోరిస్ రోబేర్ తర్వాతి కాలంలో ఈ సంగతి స్వయంగా ఒప్పుకున్నారు. ఒక ప్రభుత్వమే పరాయి దేశపు దొంగనోట్లు ముద్రించిందంటే, కరెన్సీ ఎంత పెద్ద ఆయుధమో దానికి బాగా తెలుసన్నమాట.

అయితే సెకూ తూరేను వీరుణ్ని చేసి వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు. ప్రతి మూలా కుట్ర కనబడిన ఆ మనిషి సొంత జనాన్నే క్యాంప్ బ్వారో జైల్లో కుక్కారు. వేలమంది అక్కడ తిండీనీళ్లు లేక, చిత్రహింసలతో చచ్చిపోయారు. ‘వద్దు’ అన్న జనానికి దక్కింది ఇది.

◆

మాలి 1962లో సెఫాను వదిలి 1984లో మళ్లీ చేరింది. మౌరిటానియా, మడగాస్కర్ 1973లో వెళ్లినవి వెళ్లినట్టే. ఇంకో వింత ఏమిటంటే, ఎప్పుడూ ఫ్రాన్స్ వలస కాని దేశాలు కూడా వచ్చి చేరాయి. స్పెయిన్ ఏలిన ఈక్వటోరియల్ గినీ 1985లో, పోర్చుగల్ ఏలిన గినీ బిస్సావ్ 1997లో. బలవంతపు బంధమని ఒక్క ముక్కలో తేల్చేద్దామంటే ఈ రెండూ ఒప్పుకోవు.

◆

టోగో తొలి అధ్యక్షుడు సిల్వనస్ ఒలింపియో సొంత కరెన్సీ కోసం అన్నీ సిద్ధం చేసుకుంటూ ఉండగా 1963 జనవరి 13న హత్యకు గురయ్యారు. కాల్చింది ఫ్రెంచి సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన టోగో సైనికులు. తమను కొత్త సైన్యంలోకి తీసుకోలేదన్నది వాళ్ల కోపం. కాబట్టి ‘కరెన్సీ కోసమే చంపారు’ అని వాట్సాప్‌లో తిరిగే మాటను అంత తేలిగ్గా నమ్మక్కర్లేదు. ఆయనతోపాటు టోగో ఫ్రాంక్ కూడా పోయిందన్నది మాత్రం నిజం.

◆

1960 నుంచి 50 సెఫాలకు ఒక ఫ్రెంచి ఫ్రాంక్. ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు ఊఫువే బ్వానీ ఈ రేటు ముట్టుకోవడానికి వీల్లేదని కూర్చున్నారు. 1993 డిసెంబరు 7న ఆయన కన్నుమూశారు. 1994 జనవరి 11న, అంటే ఆయన అంత్యక్రియలు ఇంకా జరగకముందే, రేటు 100కు మార్చేశారు. తెల్లారేసరికి సెఫా విలువ సగం. పారిస్ నుంచి వచ్చే మందుబిళ్ల రెండింతలు. నిర్ణయం ప్రకటించింది డకార్‌లో, ఆఫ్రికా మంత్రుల నోటితోనే. వెనక పట్టుబట్టింది మాత్రం పారిస్, ఐఎంఎఫ్‌లు.

◆

పుస్తకాలు చెప్పలేనిది సినిమా చెబుతుంది. సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1968లో వోలోఫ్ భాషలో ‘మందాబి’ తీశారు. పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు డకార్‌లోని మేనమామకు 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపుతాడు. అది తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు పుట్టిన తేదీ కాగితం కావాలి, దానికి ఇంకేదో కావాలి. డబ్బు చేతికి రాదు, అప్పులవాళ్లు మాత్రం గుమ్మం ముందుకు వస్తారు. తాలూకాఫీసు మెట్లెక్కిన మనవాళ్లెవరికీ ఈ సినిమాకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

ఆయనదే 1975 నాటి ‘ఖాలా’ ఇంకా ఘాటు. మొదటి దృశ్యంలో నల్లవాళ్లు వాణిజ్య మండలిలోకి దూసుకెళ్లి ఫ్రెంచివాళ్లను గెంటేస్తారు. ఆ వెంటనే అదే ఫ్రెంచి పెద్దమనిషి సలహాదారుగా తిరిగొస్తాడు. కొత్త బాబుల ముందు ఒక్కో బ్రీఫ్‌కేసు పెడతారు. తెరిచి చూస్తే నోట్ల కట్టలు. సెనెగల్ ప్రభుత్వం ఈ సినిమాకు కత్తెర వేసిందంటే ఆశ్చర్యమేముంది?

◆

ఇదే ఫ్రాన్స్ ఇంకొకరి ముందు చేతులు కట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1940లో జర్మనీ ఆక్రమించినప్పుడు మార్కుకు 20 ఫ్రాంకులని రేటు కట్టింది. పైగా తన సైన్యం ఖర్చుకు రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు వసూలు చేసింది. ఆ రేటుతో జర్మన్ సిపాయి పారిస్ దుకాణాలు ఖాళీ చేశాడు. యుద్ధం అయ్యాక 1946లో అమెరికా అప్పుల కోసం బ్లమ్, బర్న్స్ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. దాని ప్రకారం థియేటర్లలో ప్రతి మూడు నెలల్లో నాలుగు వారాలే ఫ్రెంచి సినిమాలకు ఖాయం, మిగతా కాలం హాలీవుడ్‌కు తలుపు బార్లా. 1948 జనవరిలో సినిమావాళ్లు పారిస్ వీధుల్లోకి వచ్చి గోలచేశాక దాన్ని ఐదు వారాలు చేశారు. 1993 వాణిజ్య చర్చల్లో ‘సినిమా సరుకు కాదు, సంస్కృతి’ అని అందరికంటే గట్టిగా వాదించిందీ ఫ్రాన్సే. బాధితుడిగా ఉన్నప్పుడు దానికి అన్నీ బాగానే అర్థమవుతాయి.

◆

మన యానాం విషయంలో నోటు జెండాతోపాటే వెళ్లిపోయింది. ఫ్రెంచి ఇండియా రూపాయి నోట్లను బాంక్ ద లాండోషీన్ అనే ఫ్రెంచి బ్యాంకు వేసేది. 1954 నవంబరు 1న యానాం పాలన చేతులు మారింది, భారత రూపాయి వచ్చింది. చుట్టూ పెద్ద దేశం, దానికో సొంత రిజర్వు బ్యాంకు ఉండటం చిన్న అదృష్టం కాదు.

◆

నిల్వలు ఎవరి ఇంట్లో ఉంటే తాళం వాళ్లదే అన్న సూత్రం ఒక్క ఆఫ్రికాకే పరిమితం కాదు. తాలిబన్లు కాబూల్ పట్టుకున్నాక అఫ్గాన్ కేంద్ర బ్యాంకుకు అమెరికాలో ఉన్న దాదాపు 700 కోట్ల డాలర్లు కదలకుండా పోయాయి. 2022లో రష్యావి సుమారు 30,000 కోట్ల డాలర్లు స్తంభించాయి. పీవీ నరసింహారావు ప్రధాని అయిన కొత్తలో, 1991 జులైలో, మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్ పంపి అప్పు తెచ్చుకుంది. అదే రిజర్వు బ్యాంకు 2023-24లో లండన్‌లో దాచిన బంగారంలో సుమారు 100 టన్నులు వెనక్కి తెచ్చుకుంది.

◆

కెమీ సేబా అనే ఉద్యమకారుడు 2017 ఆగస్టులో డకార్ సభలో 5,000 సెఫా నోటును నిప్పంటించి కాల్చాడు. అరెస్టు చేశారు, కోర్టు వదిలేసింది, సెప్టెంబరులో ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది. ఎక్కడికనుకున్నారు? ఫ్రాన్స్‌కు. అప్పటికి ఆయన పౌరసత్వం అక్కడిది మరి.

◆

2019 డిసెంబరులో అబీజాన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు వతారా పక్కపక్కన నిలబడి సంస్కరణ ప్రకటించారు. పశ్చిమాఫ్రికా మండలానికి నిల్వలు పారిస్‌లో ఉంచే షరతు పోతుంది, బోర్డులో ఫ్రెంచి కుర్చీలు పోతాయి, పేరు ‘ఎకో’ అవుతుంది. యూరో ముడి మాత్రం ఉంటుంది, ఫ్రాన్స్ హామీ కూడా ఉంటుంది. నైజీరియా లాంటి దేశాలకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఎకో అన్నది పశ్చిమాఫ్రికా దేశాలన్నీ కలిసి తెచ్చుకోవాలనుకున్న సొంత కరెన్సీకి పెట్టుకున్న పేరు.

ఆ తర్వాత సైనిక తిరుగుబాట్లు వచ్చాయి. ఫ్రెంచి సైనికులను మాలి 2022లోనూ, బుర్కినా ఫాసో, నైజర్ 2023లోనూ పంపేశాయి. మాలి ఫ్రెంచిని అధికార భాష హోదా నుంచి కూడా దించేసింది. రష్యా సైనికులు దిగారు. వాళ్లేమీ ధర్మానికి రాలేదు, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. 2025 జులైలో సెనెగల్ కూడా చివరి ఫ్రెంచి స్థావరాన్ని స్వాధీనం చేసుకుంది. అయినా మాలి, బుర్కినా ఫాసో, నైజర్ రాజధానులు బమాకో, వాగడూగు, నియామే బజార్లలో బియ్యం కొనాలంటే ఇప్పటికీ సెఫానే తీయాలి.

ఇక అందరూ కలిసి తెచ్చుకుంటామన్న ఎకో 2003కే రావాల్సింది. 2005 అన్నారు, ఆ తర్వాత 2009, 2015, 2020 అన్నారు. తాజాగా చెప్పిన గడువు 2027.